ఎనిమిది వారాల గీత: సీఐడీపీని పోల్చుకోవడం ఎందుకంత కష్టం

కాళ్లలో పట్టు తగ్గిందని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే మన వైపు దాదాపు తప్పకుండా వినపడే ప్రశ్న ఒకటుంది. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారేటప్పుడు తెలుస్తోందా, తెలియకుండానే ఊడిపోతోందా?" చెప్పు జారుతోందని తెలిసినా వేళ్లతో బిగించి పట్టుకోలేకపోతే పాదాన్ని కదిలించే నరాల్లో లోపం ఉన్నట్టు. రెండడుగులు వేశాక కిందికి చూస్తే గానీ కాలికి చెప్పు లేదని తెలియలేదంటే స్పర్శను మోసే నరాల్లో లోపం. ఆ వెంటనే మిగతా ప్రశ్నలు వరసకడతాయి. నేల మీద కూర్చుంటే చెయ్యి ఆన్చకుండా లేవగలుగుతున్నారా? బస్సు మెట్టు ఎక్కగలుగుతున్నారా? తల దువ్వుకునేటప్పుడు చెయ్యి పైన నిలుస్తోందా? చొక్కా గుండీలు పడుతున్నాయా? అన్నం కలుపుకోవడం? మొహాన సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే తూలుతున్నారా?

తొడల్లో, పాదాల్లో, భుజాల్లో, వేళ్లలో, అంటే మొదట్లోనూ చివరల్లోనూ, రెండు పక్కలా దాదాపు సమానంగా బలం తగ్గుతూ వస్తే, అదీ నెలల వ్యవధిలో పెరుగుతూ పోతే, డాక్టరు మనసులో మెదిలే పేర్లలో సీఐడీపీ ముందు వరసలో ఉంటుంది. క్రానిక్ ఇన్‌ఫ్లమేటరీ డీమైలినేటింగ్ పాలీన్యూరోపతీ అన్నది పూర్తి పేరు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొర మీద పడి దాన్ని ఊడగొట్టడం ఈ జబ్బు సారాంశం. లక్షమందిలో సుమారు ముగ్గురికి ఉంటుందని అంచనా. ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఎక్కువగా బయటపడుతుంది గానీ పిల్లలకూ రావచ్చు. ఇది అంటుకునేది కాదు, తల్లిదండ్రుల నుంచి సంక్రమించేదీ కాదు.

ఇంత అరుదైన జబ్బు గురించి ఇంత వివరంగా ఎందుకంటే, నరాల జబ్బుల్లో మందుకు బాగా లొంగేవి తక్కువ, వాటిలో ఇదొకటి. అయినా దీని విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. జబ్బు ఉన్నవాళ్లను షుగరనో, నడుములో డిస్కు అనో నెలల తరబడి తిప్పుతారు. లేనివాళ్లకు ఉందని తేల్చి ఏళ్ల తరబడి లక్షలు పోసే మందులు ఎక్కిస్తారు. ఈ రెండు తప్పుల్లోనూ సాధారణంగా లోపించేది ఖరీదైన పరీక్ష కాదు. ఏ వారం ఏ పని చేతకాకుండా పోయిందనే వరస, మోకాలి మీద పడే సుత్తిదెబ్బకు కాలు ఎగిరిందా లేదా అన్న చిన్న గమనిక. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా పరీక్షలకు అర్థం ఉంటుంది. లేకపోతే అవే పరీక్షలు దారి తప్పిస్తాయి.

నరం లోపల జరిగేది

వెన్నుపాము నుంచి కాలి వేళ్ల దాకా వెళ్లే నరపు పోగు మీటరు పొడవు దాకా ఉంటుంది. దాని చుట్టూ ష్వాన్ కణాలు మైలిన్ అనే కొవ్వు పొరను పొరలు పొరలుగా చుట్టి ఉంచుతాయి. ఆ చుట్టడం ఏకధాటిగా ఉండదు. మిల్లీమీటరుకో, అంతకు తక్కువకో ఒకచోట చిన్న ఖాళీ ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రాన్వియే పేరు మీద వాటిని రాన్వియే కణుపులంటారు. విద్యుత్ సంకేతం పోగు పొడవునా పాకదు, ఒక కణుపు నుంచి ఇంకో కణుపుకు గెంతుతుంది. ఎక్స్‌ప్రెస్ బస్సు పెద్ద స్టాపుల్లోనే ఆగినట్టు అన్నమాట. మైలిన్ పోయిన చోట అదే బస్సు పల్లెవెలుగు అయిపోతుంది, ఊరూరా ఆగుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు సెకనుకు నలభై నుంచి అరవై మీటర్లు పరుగెత్తే సంకేతం బాగా నెమ్మదిస్తుంది. దెబ్బ మరీ ఎక్కువైతే మధ్యలోనే ఆగిపోతుంది. కండరం బాగానే ఉంటుంది, మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, కానీ కబురు చేరదు. దీన్నే కండక్షన్ బ్లాక్ అంటారు. సీఐడీపీలో బలం తగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

ఇందులోనే ఆశ కూడా ఉంది. మైలిన్‌ను ష్వాన్ కణాలు మళ్లీ చుట్టగలవు. దాడి ఆగితే కొన్ని వారాలు, నెలల్లో సంకేతం మళ్లీ దారిలో పడుతుంది. కానీ దాడి ఎక్కువకాలం సాగితే లోపలి పోగు కూడా తెగుతుంది. అది తిరిగి పెరిగేది రోజుకు మిల్లీమీటరు చొప్పునే. తొడ నుంచి పాదం దాకా ఆ వేగంతో చేరడమంటే ఏళ్ల మాట, ఒక్కోసారి అది జరగనే జరగదు. మొదటి ఆరునెలలు విటమిన్ ఇంజెక్షన్లతో గడిపేసిన మనిషికీ, రెండో నెలలోనే చికిత్స మొదలైన మనిషికీ తర్వాతి జీవితం వేరుగా ఉండటానికి కారణం ఇక్కడ ఉంది.

తొడ, పాదం ఒకేసారి ఎందుకు బలహీనపడతాయి? రక్తంలోని కణాలూ యాంటీబాడీలూ నరంలోకి చొరబడకుండా ఒక అడ్డుగోడ ఉంటుంది. ఆ గోడ నరం మొత్తంలో రెండు చోట్ల పలచన: వెన్నుపాము నుంచి నరం బయలుదేరే వేర్ల దగ్గర, కండరంలోకి దిగే కొసల దగ్గర. రోగనిరోధక కణాలు అక్కడే సులువుగా దూరతాయి. మాక్రోఫేజ్ అనే కణాలు మైలిన్ పొరల మధ్యకు చొచ్చుకెళ్లి వాటిని ఒలుస్తాయి. అందుకే మొదలూ కొసా కలిసి దెబ్బతింటాయి.

షుగరు వల్ల వచ్చే నరాల దెబ్బ నడక ఇలా ఉండదు. అది పొడవాటి నరాన్ని ముందు పడుతుంది. కాలి వేళ్ల చివర్ల మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటంతో మొదలై ఏళ్ల మీద పైకి పాకుతుంది. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి చేతి వేళ్ల కొసల్లోనూ తెలుస్తుంది. దాంట్లో స్పర్శ పోవడమే ఎక్కువ, బలం పోవడం ఆలస్యంగా, పాదాల్లో కనిపిస్తుంది. షుగరున్న మనిషికి మూడు నెలల్లో నేల మీంచి లేవలేని పరిస్థితి వస్తే, చేతులు పైకెత్తలేకపోతే, "షుగరు కదా, అలాగే ఉంటుంది" అన్న మాట సరిపోదు. మధుమేహం ఉన్నవాళ్లకు సీఐడీపీ రాకూడదని నియమమేమీ లేదు. మన ఇళ్లలో షుగరు లేని కుటుంబం అరుదు గనక ఈ తేడా గుర్తుంచుకోవడం అవసరం.

ఆటోఇమ్యూన్ అన్న మాట తెలుగిళ్లలోకి బాగా వచ్చింది 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని చెప్పినప్పుడు. ఆ జబ్బులో దాడి కండరం మీద, ఇక్కడ నరం మీద. బయటికి రెండూ నీరసంగానే కనిపిస్తాయి. కండరం జబ్బులో స్పర్శ బాగుంటుంది, తిమ్మిర్లు ఉండవు.

జీబీఎస్‌కూ దీనికీ మధ్య

2025 జనవరిలో పుణేలో సింహగఢ్ రోడ్డు పరిసరాల్లో గియాన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్) కేసులు మొదలై రెండొందలు దాటాయి. రోగనిరోధక వ్యవస్థ నరాల మీద పడి కొద్ది రోజుల్లోనే కాళ్లూ చేతులూ పడిపోయే జబ్బు అది. కలుషిత నీటి మీద, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా మీద వేలు చూపారు. ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో కేసుల వార్తలు వచ్చేసరికి తెలుగు చానళ్లలో జీబీఎస్ అన్న మూడక్షరాలు నానిపోయాయి. సీఐడీపీని జీబీఎస్‌కు దగ్గరి చుట్టంగా చెప్పొచ్చు. కొందరు దీర్ఘకాల జీబీఎస్ అని కూడా అంటారు. ఆ మాట సగమే సరైంది.

జీబీఎస్ మనకు తెలిసింది మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి. 1916లో జార్జ్ గియాన్, జాన్ అలెగ్జాండర్ బారే, ఆంద్రే స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు పక్షవాతం లాంటిది వచ్చిన ఇద్దరు సైనికుల వెన్నునీటిని పరీక్షించారు. అందులో ప్రోటీన్ ఎక్కువ, కణాలు మాత్రం మామూలే. ఇన్‌ఫెక్షన్ అయితే రెండూ పెరగాలి. ఈ వింత జత నేటికీ జీబీఎస్‌కూ సీఐడీపీకీ ఉమ్మడి గుర్తు. జబ్బుకు వాళ్ల పేర్లు పెట్టినప్పుడు పాపం స్ట్రోల్ పేరు మధ్యలో ఎక్కడో జారిపోయింది.

జీబీఎస్ ఎలా వస్తుందో కొంతవరకు స్పష్టంగా తెలుసు. కాంపైలోబాక్టర్ జెజునై పై పొరలో ఉండే ఒక పదార్థం, మన నరాల మీదుండే జీఎం1 లాంటి గాంగ్లియోసైడ్లను (చక్కెర అతుక్కున్న కొవ్వు పదార్థాలను) పోలి ఉంటుంది. బాక్టీరియా మీదికి తయారైన యాంటీబాడీలు విరేచనాలు తగ్గాక నరాన్ని శత్రువనుకుంటాయి. అందుకే చాలామందికి విరేచనాలో జ్వరమో వచ్చిన ఒకటి మూడు వారాలకు కాళ్లు పడిపోతాయి. సీఐడీపీలో ఇలాంటి ముందు సంఘటన సాధారణంగా దొరకదు. ఎప్పుడు మొదలైందో కూడా చాలామంది చెప్పలేరు.

ఇద్దరు చుట్టాలనూ వేరు చేసేది కాలం. జీబీఎస్ దూకుడుగా వస్తుంది. ఎక్కువమందిలో రెండు వారాల్లో, దాదాపు అందరిలో నాలుగు వారాల్లో బలహీనత దాని అడుగుకు చేరి ఆగిపోతుంది. తర్వాత నిలకడ, ఆ తర్వాత కోలుకోవడం. నాలుగైదుగురిలో ఒకరికి వెంటిలేటరు అవసరం పడొచ్చు. జీబీఎస్ అనుమానం ఉన్న మనిషిని ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి లెక్కపెట్టమంటారు. ఇరవై చేరకముందే ఊపిరి అందకపోతే అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగే పని కాదు. సీఐడీపీలో ఊపిరికి ముప్పు అరుదు, కానీ దానికి ఆగడం అనేది ఉండదు. ఎనిమిది వారాలు దాటినా బలహీనత పెరుగుతూనే ఉంటుంది, లేదా తగ్గి మళ్లీ వస్తుంది. న్యూరాలజీ ఈ ఎనిమిది వారాలనే గీతగా పెట్టుకుంది.

గీత గీసినంత మాత్రాన జబ్బు దాన్ని పాటించదు గదా. సీఐడీపీ ఉన్నవాళ్లలో కొందరికి అది అచ్చం జీబీఎస్ లాగే కొద్ది వారాల్లో దిగుతుంది. జీబీఎస్ అనుకుని వైద్యం చేస్తారు, మనిషి లేస్తాడు, ఇంటికి పంపిస్తారు. రెండు నెలలకు మళ్లీ కాళ్లు లాగేస్తాయి. ఎనిమిది వారాల తర్వాత కూడా దిగజారితే, లేక మూడుసార్లు అంతకు మించి పడి లేస్తే, అది సీఐడీపీ అయివుండే అవకాశం ఉందని ఆలోచించాలి. జీబీఎస్‌తో డిశ్చార్జి అయినవాళ్ల ఇంట్లో ఈ లెక్క గుర్తుండాలి. "మళ్లీ నీరసంగా ఉందంటున్నాడు, పత్యం సరిగా లేదేమో" అనుకుంటే విలువైన వారాలు పోతాయి.

తేడా తెలుసుకోవడం ఎందుకంటే మందు మారుతుంది. జీబీఎస్‌లో స్టెరాయిడ్లు పనిచేయవని పరీక్షల్లో తేలింది. సీఐడీపీలో పనిచేస్తాయి. 1958లో ఆస్టిన్ అనే వైద్యుడు పదేపదే తిరగబెట్టే నరాల జబ్బు స్టెరాయిడ్లకు లొంగుతోందని రాశాడు. 1975లో మాయో క్లినిక్‌లో డిక్ బృందం యాభై ముగ్గురు రోగుల వివరాలతో దీన్ని విడి జబ్బుగా నిలబెట్టింది.

సుత్తి, తీగలు, వెన్నునీరు

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు వెన్నెముకలో ఎముక పెరిగి వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడటం దశాబ్దాలుగా చూస్తున్నదే. అక్కడా మనిషి నడవలేడు, ఇక్కడా నడవలేడు. తేడాను సుత్తి చెప్తుంది. వెన్నుపాము నలిగితే మోకాలి మీద తట్టగానే కాలు మామూలుకంటే గట్టిగా ఎగురుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. సీఐడీపీలో కాళ్లు వదులైపోతాయి, సుత్తి దెబ్బకు స్పందన తగ్గుతుంది లేదా అసలు ఉండదు. సీఐడీపీలో కొందరికి నరాలు లావెక్కుతాయి. అది కుష్టులోనూ కనిపిస్తుంది కానీ అక్కడ స్పర్శ లేని మచ్చలుంటాయి, సుత్తికి స్పందన సాధారణంగా మిగిలే ఉంటుంది.

ఇక నడుము ఎమ్మారై. యాభై దాటిన ఎవరికి తీసినా ఏదో ఒక డిస్కు ఉబ్బినట్టే కనిపిస్తుంది. కాళ్ల బలహీనతకు అదే కారణమనుకుని ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లున్నారు. నడుము డిస్కు చేతివేళ్లను బలహీనపరచలేదు. గుండీలు పెట్టుకోలేకపోతున్నానని కూడా రోగి చెప్తుంటే నడుము దగ్గర ఆగిపోవడం పొరపాటు.

జబ్బును పట్టించే ముఖ్య పరీక్ష నెర్వ్ కండక్షన్ టెస్టు. ఎన్‌సీవీ అంటారు మన లాబుల్లో. నరం మీద చిన్న షాకు ఇచ్చి, కబురు ఎంత వేగంగా, ఎంత బలంగా చేరిందో కొలుస్తారు. కొంచెం చురుక్కుమంటుంది, ప్రమాదమేమీ లేదు. వేగం చాలా పడిపోవడం, దారిలో సంకేతం చచ్చిపోవడం, చేరిన సంకేతం ముక్కలు ముక్కలుగా చెదిరిపోవడం చూసి మైలిన్ పోయిందని చెప్తారు. చెయ్యి చల్లగా ఉంటే నరం సహజంగానే నెమ్మదిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఏసీ గదిలో అరగంట కూర్చున్న కాళ్లకు వేడి చేయకుండా పరీక్ష చేస్తే లేని జబ్బు కాగితం మీద కనిపించొచ్చు. షుగరులోనూ వేగం కొంత తగ్గుతుంది. ఆ కొంతకూ, సీఐడీపీలో కనిపించే చాలాకూ మధ్య గీత తెలిసిన డాక్టరు రిపోర్టు చదవడం ముఖ్యం. కంప్యూటరు కింద ముద్రించే ఒక్క లైను నిర్ధారణను నమ్మి చికిత్స మొదలుపెట్టకూడదు.

వెన్నునీరు తీస్తారనగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. కాళ్లు పడిపోతాయని, నడుము జీవితాంతం నొప్పని. సూది వెళ్లేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద. ఒకట్రెండు రోజులు తలనొప్పి రావచ్చు, పడుకుంటే తగ్గుతుంది. నీటిలో ప్రోటీన్ పెరిగి కణాలు పెరగకపోతే అనుమానానికి బలం వస్తుంది. అయితే వయసుతో, షుగరుతో ప్రోటీన్ ఎలాగూ కొంచెం పెరుగుతుంది. డెసిలీటరుకు 45 మిల్లీగ్రాములు దాటింది కాబట్టి సీఐడీపీ అనేయడం కుదరదు.

అమెరికాలో ఇద్దరు న్యూరాలజిస్టులు 2015లో ప్రచురించిన ఒక పరిశీలన ఈ విషయంలో కళ్లు తెరిపించేది. సీఐడీపీ అని పేరుపడి తమ దగ్గరికొచ్చిన 58 మందిని మొదటి నుంచి పరీక్షిస్తే 27 మందికి కనీస ప్రమాణాలు కూడా సరిపోలేదు. ఎన్‌సీవీని అతిగా అర్థం చేసుకోవడం, వెన్నునీటిలో కొద్దిపాటి ప్రోటీన్‌కు పెద్ద విలువ ఇవ్వడం, చికిత్స తర్వాత "కొంచెం బాగుంది" అన్న మాటను ఆధారంగా తీసుకోవడం ప్రధాన కారణాలు. ఖరీదైన మందు ఎక్కించుకున్నాక బాగుందనిపించడం మానవ సహజం. అందుకే కుర్చీలోంచి లేవడానికి పట్టిన సమయం, పది మీటర్లు నడవడానికి పట్టిన సమయం, చేతి పిడికిలి బలం చికిత్సకు ముందే కొలిచి రాసిపెట్టాలి. తర్వాత అవే కొలవాలి.

రక్తపరీక్షల జాబితా పొడుగ్గానే ఉంటుంది: షుగరు, బీ12, థైరాయిడ్, హెచ్ఐవీ, హెపటైటిస్, రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్. చివరిదాన్ని అనవసరపు ఖర్చని వదిలేయొద్దు. సీఐడీపీలాగే నటించే పోయెమ్స్ సిండ్రోమ్ వెనక ప్లాస్మా కణాల జబ్బు ఉంటుంది, దాని దారి, మందు పూర్తిగా వేరు. స్టెరాయిడ్లకూ ఐవీఐజీకీ (దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలకూ) లొంగని సీఐడీపీ అన్నప్పుడు మొదట అనుమానించాల్సిన వాటిలో అదొకటి. బీ12 తక్కువుంటే వేసుకోవాల్సిందే. కానీ నీరసం అనగానే ఊళ్లో వారానికో బీకాంప్లెక్స్ సూది, పక్కన బీ6 ఎక్కువున్న నరాల బిళ్లలు అలవాటైన వాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. బీ6ను పెద్ద మోతాదుల్లో ఎక్కువకాలం వాడితే అదే స్పర్శనరాలను పాడుచేస్తుంది.

మందులు, ఖర్చు

మొదటి వరసలో మూడున్నాయి. వీటిలో ఏదో ఒకదానికి పదిమందిలో ఎనిమిదిమంది దాకా స్పందిస్తారు.

స్టెరాయిడ్లు చౌక. రోజూ ప్రెడ్నిసొలోన్ ఇచ్చి నెలల మీద తగ్గిస్తూ వస్తారు, లేదా నెలకు నాలుగు రోజులు పెద్ద మోతాదులో డెక్సామెథసోన్ ఇస్తారు. నెదర్లాండ్స్ వైద్యులు ఈ రెండు పద్ధతులనూ పోల్చి, తర్వాత ఏళ్లపాటు గమనిస్తే, ఒకటి రెండు కోర్సులతోనే దాదాపు నాలుగో వంతు మంది మందు అక్కర్లేని స్థితికి చేరారు. అయితే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, కంటిలో శుక్లాలు వస్తాయి. మన దేశంలో లోపల నిద్రపోతున్న టీబీ లేవడమన్నది నిజమైన భయం. హెపటైటిస్ బీ కూడా చూసుకోవాలి. కడుపు ఉబ్బిందని, మొహం లావైందని సొంతంగా ఒక్కసారే మానేస్తే ప్రాణానికే ముప్పు. స్పర్శ బాగుండి కదలికే పోయిన రకం సీఐడీపీలో స్టెరాయిడ్లతో జబ్బు ముదరొచ్చు గనక అక్కడ జాగ్రత్త పడతారు.

ఐవీఐజీ అంటే వేలమంది దాతల ప్లాస్మా నుంచి వేరుచేసిన యాంటీబాడీలు. మొదట శరీర బరువు కిలోకు రెండు గ్రాములు, రెండు నుంచి ఐదు రోజుల్లో ఎక్కిస్తారు. డెబ్భై కిలోల మనిషికి 140 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు ఇరవై ఎనిమిది. తర్వాత సాధారణంగా మూడు వారాలకోసారి కిలోకు గ్రాము చొప్పున. 117 మందిపై జరిగి 2008లో ప్రచురితమైన ఐస్ అధ్యయనంలో మందు తీసుకున్నవాళ్లలో 54 శాతం మెరుగైతే, ఉత్తి సెలైన్ లాంటిది తీసుకున్నవాళ్లలో 21 శాతం మెరుగయ్యారు. ఆ 21ని కూడా చూడండి. పైన చెప్పిన "కొంచెం బాగుంది" ఎంత బలమైందో ఆ అంకె చెప్తోంది. ఐవీఐజీ తలనొప్పి తెస్తుంది, కొందరిలో రక్తం గడ్డకట్టడం, కిడ్నీ మీద భారం ఉంటాయి. అన్నిటికంటే పెద్ద భారం డబ్బుది. ఆరోగ్యశ్రీ కింద, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ జబ్బుకు, ఈ మందుకు ఎన్ని విడతలకు అనుమతి వస్తుందో మొదటి సీసా ఎక్కించేముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఇది ఒక్క విడతతో అయిపోయే మందు కాదు గనక, మొదటిసారికి ఇంట్లో బంగారం కుదువపెట్టి రెండోసారికి చేతులెత్తేయడం కన్నా, డాక్టరుతో ముందే డబ్బు సంగతి మాట్లాడి స్టెరాయిడ్లతో మొదలుపెట్టడం చాలామందికి తెలివైన దారి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, స్టెరాయిడ్లు రెండో తరగతి వైద్యమేమీ కాదు.

మూడోది ప్లాస్మా మార్పిడి. డయాలసిస్‌లా రక్తాన్ని బయటికి తీసి, దాడిచేసే యాంటీబాడీలున్న ప్లాస్మాను వేరుచేసి, బదులుగా ఆల్బుమిన్ ఎక్కిస్తారు. త్వరగా పనిచేస్తుంది, త్వరగానే ప్రభావం పోతుంది. ఐవీఐజీ ఎక్కించిన వెంటనే దీన్ని చేస్తే కొన్న మందు కాస్తా బయటికి పోతుంది, కాబట్టి వరస ముఖ్యం.

కొత్తగా వచ్చినవాటిలో ఎఫ్‌గార్టిజిమాడ్ ఉంది. రక్తంలో ఐజీజీ యాంటీబాడీలను పాడవకుండా తిరిగి వాడుకునేలా చేసే గ్రాహకానికి అడ్డుపడి వాటి మట్టం తగ్గిస్తుంది. అమెరికాలో 2024 జూన్‌లో సీఐడీపీకి అనుమతి పొందింది. ధర చూస్తే మనలో చాలామందికి ఇప్పట్లో అందేది కాదు. ఇంతకన్నా మనకు వెంటనే పనికొచ్చే కొత్త సంగతి వేరే ఉంది. సీఐడీపీ అనుకున్న కొందరిలో దాడి మైలిన్ మీద కాక కణుపుల దగ్గరుండే న్యూరోఫాసిన్, కాంటాక్టిన్ అనే ప్రోటీన్ల మీద జరుగుతోందని గత పదిహేనేళ్లలో తెలిసింది. 2021 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు వీటిని సీఐడీపీ జాబితాలోంచి తీసి విడిగా పెట్టాయి. వీళ్లలో చాలామంది వయసులో చిన్నవాళ్లు, చేతులు బాగా వణుకుతాయి, జబ్బు వేగంగా ముదురుతుంది, ఐవీఐజీ సరిగా పనిచేయదు. యాంటీబాడీల తయారీకి మూలమైన బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు మాత్రం బాగా పనిచేస్తుంది. ఐవీఐజీ విఫలమైన మనిషికి అదే మందు మళ్లీ మళ్లీ ఎక్కించేముందు ఈ యాంటీబాడీ పరీక్షకు రక్తం పంపడం డబ్బు ఆదా చేసే పని.

పత్యం గురించి అడగని కుటుంబం ఉండదు. వంకాయ మానితేనో, మాంసం మానితేనో మైలిన్ తిరిగి రాదు. స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు ఉప్పు, తీపి తగ్గించమంటారు, అంతే. స్పర్శ లేని కాళ్లకు వేడినీళ్ల కాపడం, మంట కాచుకోవడం మాత్రం నిజంగా ప్రమాదం, కాలిందని తెలియకుండానే పుండు పడుతుంది. ఫిజియోథెరపీ రోజూ కావాలి, మోతాదు మించి అలసిపోవడం వద్దు. పాదం వేలాడిపోయేవాళ్లకు మడమ దగ్గర బిగించే ప్లాస్టిక్ పట్టీ వెంటనే నడక మారుస్తుంది, మందు పనిచేసేదాకా పడిపోకుండా కాపాడుతుంది.

మందు ఎన్నాళ్లు అన్నదానికి క్యాలెండరు చూసి చెప్పే జవాబు లేదు. పాత్ అనే అధ్యయనంలో ఐవీఐజీతో నిలకడగా ఉన్నవాళ్లకు చర్మం కింద ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గానీ, ఏమీ లేని ఇంజెక్షన్‌ను గానీ ఆరు నెలల దాకా ఇచ్చి చూశారు. ఏమీ లేనిది తీసుకున్నవాళ్లలో 63 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది లేదా అధ్యయనం నుంచి తప్పుకున్నారు. అంటే మూడింట ఒక వంతుకు పైగా ఆ ఆరు నెలలూ మందు లేకుండానే నిలబడ్డారు. వాళ్లెవరో ముందుగా చెప్పే రక్తపరీక్ష లేదు. కాబట్టి జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి డాక్టరు మోతాదు తగ్గించి లేదా విడతల మధ్య వారాలు పెంచి చూస్తారు. ఆ కాలంలో రోగి గమనించాల్సింది నీరసమనే సాధారణ మాటను కాదు. బకెట్టు మోయగలగడం, మెట్లెక్కడానికి పట్టే సమయం, నేల మీంచి లేచేటప్పుడు చెయ్యి ఆన్చాల్సి రావడం. తేడా వచ్చిందంటే, పూర్తిగా పడిపోయేదాకా ఆగకుండా వెంటనే చెప్తే, పాత మోతాదు సాధారణంగా మళ్లీ పనిచేస్తుంది.